పాత ఇల్లు కొంచెం కొంచెంగా సర్దుకోవడం ఎలా? ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్ళు చెప్పండి

ఋషికుల్య (బరంపురం)

అందరికీ నమస్కారం. మాది పెద్దబజారు వైపు పాత ఇల్లు. మన వీధుల్లో ఇళ్ళ సంగతి మీకు తెలుసుగా, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి బావి దాకా గది వెనక గది. ఆ పొడుగునా అటక. మా అత్తగారి అత్తగారి కాలం నాటి ఇత్తడి గంగాళాల దగ్గర్నుంచి కాలిపోయిన మిక్సీల దాకా అన్నీ దాని మీదే ఉన్నాయి. బీరువాల్లో మూడు తరాల పట్టుచీరలు. ఒక ట్రంకు పెట్టె నిండా కాగితాలు, కొన్ని తెలుగు, కొన్ని ఒడియా, కొన్ని ఇంగ్లీషు. మామగారు పోయాక ఆ పెట్టె ఎవరూ తెరవలేదు.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పిల్లలు పెద్దవుతున్నారు, చదువుకోవడానికి వాళ్ళకో గది కావాలి. వారం రోజులు సెలవు పెట్టి అంతా ఒక్కసారే దులిపేద్దాం అంటారు మా ఆయన. నాకు ధైర్యం చాలడం లేదు. అన్నీ కిందికి దించాక మధ్యలో ఆగిపోతే నడవడానికి కూడా చోటుండదు. అత్తగారేమో ఏది ముట్టుకున్నా "ఉంచమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది" అంటారు. ఆవిడను నొప్పించడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అక్కా, అటక జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అటక మీదివి రోజూ మీ కాళ్ళకు అడ్డం పడేవి కావు. రోజూ చెయ్యి పెట్టే చోట మొదలుపెట్టండి. వంటింట్లో గట్టు కింద ఒక్క అర చాలు. ఫోనులో పావుగంటకు అలారం పెట్టుకోండి. మోగగానే ఆపేయండి, ఇంకా చేయాలనిపించినా సరే. ఆ ఉత్సాహం మర్నాటికి పనికొస్తుంది.

నేనైతే డబ్బాలతో మొదలుపెట్టాను. ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు డబ్బాలు అన్నీ నేల మీద పోసి, దేని మూత దానికి పెట్టి చూశాను. మూత దొరకని డబ్బాలు ఒక పక్క, డబ్బా లేని మూతలు ఒక పక్క. రెండు గుట్టలూ దాదాపు సమానంగా ఉన్నాయి, ఒక్కటీ ఒకదానికొకటి సరిపోలేదు! అర సగం ఖాళీ అయింది. ఇందులో ఎవరి జ్ఞాపకమూ లేదు, ఎవరినీ అడగాల్సిన పనీ లేదు. అందుకే మొదటి పనికి ఇది మంచిది.

తర్వాత మసాలా పొట్లాలు, ఆ తర్వాత మందుల డబ్బా. మందుల స్ట్రిప్పు మీద తేదీ చూడండి. గడువు దాటిన మాత్రలను స్ట్రిప్పుతో సహా కత్తిరించి, కాగితంలో చుట్టి పారేయండి. అలాగే పడేస్తే ఎవరైనా ఏరుకుని వాడే ప్రమాదం ఉంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

నేను కొంచెం వేరేగా చెప్తాను. పావుగంట పద్ధతి మంచిదే. కానీ తీసిన సామాను ఇంట్లోంచి బయటికి వెళ్ళకపోతే ఏమీ చేయనట్టే లెక్క. చాలా ఇళ్ళలో "ఇచ్చేయాల్సినవి" అని కట్టిన మూటలు వరండాలో నెలల తరబడి పడి ఉంటాయి. ఎవరో ఒకరు విప్పి చూసి సగం మళ్ళీ లోపలికి తెచ్చేస్తారు.

అందుకని సర్దడం కంటే ముందు సామాను వెళ్ళే దారి చూసుకోండి. పాత ఇనుము, పేపర్లు కొనేవాడి నంబరు తీసుకుని, ఏ రోజు మీ వీధికి వస్తాడో అడగండి. ఇన్వర్టర్ పాత బ్యాటరీని వాడికి వేయకండి, కొత్తది కొనే షాపులోనే ఇవ్వండి. దాంట్లో సీసం, యాసిడ్ ఉంటాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీదార్లదే. పైగా పాత బ్యాటరీకి కొంత ధర కట్టి కొత్తదాని బిల్లులో తగ్గిస్తారు. బట్టలు ఎవరికైనా ఇస్తే ఉతికి, ఊడిన గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి ఇవ్వకండి, అవి తుడుపుగుడ్డలకే.

గుణుపురం మాస్టారు

అమ్మా, మీకు మంచి సమయం వస్తోంది. మార్గశిరం.

మన ఒడియా ఇరుగుపొరుగు వాళ్ళకు నెల పున్నమితో ముగుస్తుంది. కాబట్టి కార్తీక పున్నమి దాటిన మర్నాడే వాళ్ళకు మార్గశిరం. మన నెల అమావాస్యతో ముగుస్తుంది గనుక మనకు మరో పదిహేను రోజుల తర్వాత. వాళ్ళు గురువారం నాడు మాణబసా అని లక్ష్మీపూజ చేస్తారు, మనం మార్గశిర లక్ష్మివారాలు చేస్తాం. రెండు లెక్కలూ కలుపుకుంటే ఆరు, ఒక్కో ఏడాది ఏడు లక్ష్మివారాలు వస్తాయి. ఒడియా వాళ్ళ మధ్య పుట్టినందుకు మనకు దక్కిన లాభం ఇది. వారానికి ఒక్క చోటు చొప్పున పెట్టుకోండి. వీధి గది ఒక వారం. వంటిల్లు పెద్దది కాబట్టి రెండు వారాలు. బీరువాలు, కాగితాలు తర్వాత. అటక అన్నిటికంటే చివర్న.

మాణబసా చేసే ఇళ్ళు మీరు చూసే ఉంటారు. బుధవారం నాడే ఇల్లు కడిగి, బియ్యప్పిండితో ఝోటీ అనే ముగ్గు వేసి, గుమ్మం నుంచి ధాన్యం నింపిన మాణ (కొలత పాత్ర) దాకా లక్ష్మీదేవి పాదాలు దిద్దుతారు. పాదాలు దిద్దాలంటే నేల కనిపించాలి. మంచం కింది పెట్టెలు, మూలనున్న గోనెసంచులు ఆ దారికి అడ్డం వస్తే వాటంతట అవే కదులుతాయి. మీ అత్తగారితో "చెత్త తీసేద్దాం" అంటే ఆవిడ మనసు కష్టపడుతుంది. "ఈ లక్ష్మివారానికి వంటిల్లు" అని చూడండి.

ఒక జాగ్రత్త. మన ఇళ్ళలో లక్ష్మివారం, శుక్రవారం వస్తువులు గడప దాటించరు. కాబట్టి ఇచ్చేసేవి ఏమున్నా బుధవారం సాయంత్రం లోపు పంపించేయండి. నాగావళి గారు చెప్పినట్టు సామాను బయటికి వెళ్ళడానికి ఒక గడువు కూడా దీంతో దొరికినట్టే.

ఋషికుల్య (బరంపురం)

మాస్టారూ, ఇది నాకు తట్టనే లేదు. అత్తగారికి ఇప్పుడే చదివి వినిపించాను. "మా అమ్మ కూడా బుధవారాలే చేసేది" అని, మొదట ఏ గదో ఆవిడే చెప్పారు. దేవుడి గది అట. సరే అన్నాను.

గోపాల్‌పూర్ గాలి

అత్తగారి తరఫున ఒక్క మాట. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నదాన్ని మన జిల్లాల్లో తేలిగ్గా కొట్టేయలేం. 1999 అక్టోబరులో గంజాం మీదికి తుఫాను వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచేసింది. ప్రతిసారీ కరెంటు పోయింది, మోటార్లు ఆగాయి, కుళాయిలు ఆగాయి. అప్పుడు నీళ్ళు పట్టుకోవడానికి దిగినవి ఆ అటక మీది గంగాళాలే. గ్యాసు బండి అయిపోతే కుంపటి దిగింది. అవన్నీ చూసిన మనిషి దేన్నీ వదలనంటే నేను తప్పుపట్టను.

అందుకే నా సలహా ఏంటంటే, ఏం తీసేయాలా అని ఆలోచించే ముందు, తుఫాను నాడు ఈ ఇంటికి ఏం కావాలో అత్తగారినే అడిగి ఒకచోట పెట్టండి. మా ఇంట్లో వెనక గదిలో ఒక ఇనప పెట్టె దానికే ఉంది. లాంతరు, దాని చిమ్నీ గుడ్డలో చుట్టి, కొత్త వత్తి, అగ్గిపెట్టెలు మూత బిగుతుగా ఉండే సీసాలో. టార్చి, బ్యాటరీలు విడిగా తీసి. నైలాను తాడు, టార్పాలిన్, ఒక కత్తి. మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. పక్కనే రెండు పెద్ద గంగాళాలు బోర్లించి ఉంటాయి. ప్రతి సెప్టెంబరులో పెట్టె తెరిచి అన్నీ చూసుకుంటాం.

ఆ పెట్టె కళ్ళముందు కనిపించాక మా అమ్మలో మార్పు వచ్చింది. కావలసినవి భద్రంగా ఉన్నాయని తెలిశాక, మిగతా గంగాళాల మీద అంత పట్టు లేదు.

జయపురం పిన్ని

నేనెప్పుడూ రాయను, చదువుతుంటాను. ఇది చదివాక ఊరుకోలేకపోయాను.

అమ్మాయ్ ఋషికుల్యా, నేను మీ అత్తగారి వయసుదాన్ని. కొన్నేళ్ళ క్రితం నేను కూతురి పురిటికి వెళ్ళినప్పుడు మా ఇంట్లో పిల్లలు నా వంటిల్లు సర్దేశారు. నాకు సాయం చేద్దామనే చేశారు, నాకు తెలుసు. తిరిగొచ్చి చూస్తే గూళ్ళన్నీ అద్దంలా ఉన్నాయి. నా కవ్వం లేదు. చిన్న రాచ్చిప్ప లేదు. అంచు విరిగిందని పారేశారట. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో చింతపండు పులుసు పెట్టుకున్నది దాంట్లోనే. నేను ఏమీ అనలేదు. కానీ నా వంటింట్లో ఏది ఎక్కడుందో పిల్లల్ని అడగాల్సి వస్తుంటే నేను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు అనిపించేది.

నన్ను అడిగి ఉంటే సగం నేనే ఇచ్చేసేదాన్ని, నిజం చెప్తున్నాను. మా పెద్ద గంగాళం తర్వాత నేనే మా చెల్లెలి కోడలికి ఇచ్చాను, వాళ్ళింట్లో పెళ్ళి ఉందని. వాళ్ళు దాన్ని తోమి, బొట్టు పెట్టి, వీడియో కాల్‌లో చూపించారు. ఎవరికి వెళ్తోందో తెలిస్తే చెయ్యి వదులుతుంది. తూకానికి వేస్తామంటే వదలదు.

కాబట్టి మీ అత్తగారు ఊళ్ళో లేనప్పుడు ఒక్క గిన్నె కూడా కదపకు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటి చేతికివ్వు. దాని కథ చెప్తారు. ఆ రోజు మూడు గిన్నెలే అయితే మూడే అవనీ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పిన్నిగారూ, మీరు ఇకమీదట రాస్తూ ఉండాలి. మీ మాట చదివాక నేను మా అమ్మకు ఫోన్ చేశాను.

సిల్క్ సిటీ

పట్టుచీరల గురించి నాకు తెలిసింది చెప్తాను, మాది నేత కుటుంబం. మన బరంపురం పట్టుకు, ఆ గుడి గోపురాల ఫొడొ కుంభ అంచుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటివి ఇంట్లో ఉంటే వాటిని బరువుగా చూడకండి. అయితే బీరువాలో ఎలా పెట్టారన్నదే అసలు సంగతి.

ముందు ప్లాస్టిక్ కవర్లలోంచి తీయండి. మన సముద్రపు గాలికి లోపల చెమ్మ పట్టి మచ్చలు పడతాయి. ఉతికిన పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. కలరా ఉండలు చీరకు తగలకూడదు, జరీ నల్లబడుతుంది. గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టవచ్చు. ఎండిన వేపాకు అంతకంటే మంచిది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే సరిగ్గా ఆ గీత వెంబడే పట్టు చీలుతుంది. బరువైన జరీ చీరను హ్యాంగరుకు వేలాడదీయకండి, సాగిపోతుంది. ఆరబెట్టడం నీడలోనే.

పని కొంచెం కొంచెంగా ఎలా అంటే, ఒక్కో మధ్యాహ్నం నాలుగు చీరలు. మంచం మీద దుప్పటి పరిచి, చీర పూర్తిగా విప్పి, వెలుతురుకు పట్టి చూడండి. చీలికలుంటే వెలుగు కనబడుతుంది. బాగున్నవి కట్టుకోవడానికి. ఒంటి భాగం చీలి అంచు, పైట గట్టిగా ఉంటే పిల్లలకు పరికిణీలు, లేదా అంచు తీసి వేరే చీరకు వేయించవచ్చు. మొత్తం పొడిపొడిగా రాలుతుంటే పాత జరీ కొనేవాళ్ళకు చూపించండి, అసలు వెండి జరీ అయితే విలువ ఉంటుంది. అది తేల్చకుండా ఎవరికీ ఊరికే ఇచ్చేయకండి.

ఋషికుల్య (బరంపురం)

కొంత జరిగింది, చెప్తున్నాను. దేవుడి గది, వీధి గది, వంటిల్లు అయ్యాయి. పిన్నిగారు చెప్పినట్టు అత్తగారిని కూర్చోబెట్టాను. రెండు గంగాళాలు తుఫాను సామానులోకి, ఒకటి ఆడపడుచుకు, రెండు వాళ్ళ చెల్లెలికి అని ఆవిడే పంచారు. కాలిపోయిన మిక్సీలు పాత ఇనుము వాడికి వెళ్ళాయి. చీరలు సగం చూశాం.

దేవుడి గదిలో ఒక చిక్కు మిగిలింది. రంగు వెలిసిన పటాలు, అద్దం పగిలినవి, ఏటేటా వచ్చిన దేవుడి క్యాలెండర్లు చాలా ఉన్నాయి. రావిచెట్టు కింద పెట్టి వద్దామంటే మనసొప్పడం లేదు, అక్కడ ఎండకూ వానకూ పడి ఉంటున్నాయి. ఇక ట్రంకు పెట్టె. కాగితాలంటేనే టెన్షన్‌గా ఉంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

పటాలకు మా ఇంట్లో ఇలా చేశాం. ఒక దీపం పెట్టి, దండం పెట్టుకుని, పటం విప్పాం. చెక్క ఫ్రేము బాగుంటే అదే ఫ్రేములో పిల్లల ఫొటోలు. అద్దం ముక్కలు దళసరి అట్టలో చుట్టి, "గాజు" అని రాసి ఇచ్చాం, చెత్త తీసే అమ్మాయి చెయ్యి కోసుకోకుండా. కాగితం బొమ్మలు నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి పెరట్లో చెట్టు మొదట్లో పూడ్చాం. ప్లాస్టిక్ పూత ఉన్నవి మాత్రం నానవు, వాటిని విడిగా తీయాలి. ఏరులో మాత్రం వేయకండి. మా నాగావళి ఒడ్డున పేరుకుపోయిన పటాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గుణుపురం మాస్టారు

ట్రంకు పెట్టె దగ్గర నెమ్మది అవసరం అమ్మా. ఇది ఒక్క లక్ష్మివారంలో తేలదు, తేల్చనూ వద్దు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే అంతకుముందు దస్తావేజులు తెలుగులో కూడా ఉంటాయి. మన పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు, ఆ గొలుసుకట్టు రాత చదవలేక పాత చిత్తు కాగితాలనుకుంటారు. జమీందారీ రసీదులు కూడా అంతే. 1951 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆ భూములు ఎవరి పేరున ఎలా వచ్చాయో చెప్పే ఆధారం ఒక్కోసారి ఆ రసీదే అవుతుంది. కాబట్టి చదవలేని కాగితం ఏదీ పారేయకండి. ముద్ర, స్టాంపు, వేలిముద్ర ఉంటే అసలే వద్దు.

పని ఇలా పెట్టుకోండి. ఒకసారి కూర్చుంటే ఒక కట్ట. తుప్పు పట్టిన గుండుసూదులు, కాగితానికి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసేయండి, కాగితాన్ని తినేసేవి అవే. ఇంటివి, పొలానివి, చదువులవి, బ్యాంకు-ఎల్ఐసీవి, ఉత్తరాలు అని ఐదు కవర్లు. ప్రతి దానికీ ఫోనులో ఫొటో. పాత స్టాంపు కాగితాలను లామినేషన్ చేయించకండి, మళ్ళీ విప్పలేరు. ఇప్పటి పట్టా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో ఒడియాలో కనబడుతుంది. దాంట్లో ఖాతా నంబరు, ప్లాటు నంబరు చూసి పాత దస్తావేజు పక్కన రాసి పెట్టుకోండి. రేపు మీ పిల్లలకు రెండూ కలిపి అర్థమవుతాయి. కరెంటు బిల్లులు, వారంటీ దాటిన కార్డులు నిశ్చింతగా తీసేయవచ్చు, గుట్టలో ఎక్కువ భాగం అవే ఉంటాయి.

సిరొంచ అబ్బాయి

నేను మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు నుంచి. మాది ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా ఇళ్ళలోనూ ఇదే కథ. తాతల కాగితాలు తెలుగు, మోడీ లిపి (మరాఠీ రాసిన పాత లిపి), మావి మరాఠీ. 2022 జులైలో ఏరు పొంగినప్పుడు మా వైపు చాలామంది ముందు వెతుక్కున్నది సాత్-బారా ఉతారాలు (భూమి పత్రాలు), ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు. ఉతారా మళ్ళీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తాతల దస్తావేజు దొరకదు.

అందుకని ఒక్క సలహా. ట్రంకు పెట్టె నేల మీద పెట్టకండి, మంచం ఎత్తు కంటే పైనే ఉండాలి. గోడకు ఆనించవద్దు, చెదలు గోడ వెంటే వస్తాయి. అట్టపెట్టెలు అస్సలు వాడకండి, చెదలకూ బొద్దింకలకూ అవే ఇళ్ళు. ముఖ్యమైన అసలు కాగితాలు మాత్రం ఒక జిప్ సంచిలో, చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తేలా ఉంచండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తెలుగు పుస్తకాల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మా పిల్లలూ ఒడియా మీడియమే. ఎవరు చదువుతారని తూకానికి వేసేద్దాం అన్నారు మా ఇంట్లో. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఆ పని నా చేతులతో చేయలేను. ఒక అర తెలుగుకు అని తేల్చుకున్నాం. ఆ అరలో పట్టినన్నే. బొమ్మల పుస్తకాలు, పెద్దబాలశిక్ష, తాతయ్య తన చేత్తో అంచుల్లో రాసుకున్నవి ఉంచాం. రెండేసి ఉన్నవి, పాత వారపత్రికలు తెలుగు చదివే చుట్టాలకు ఇచ్చాం. రాత్రి పడుకునే ముందు ఒక పేజీ నేను చదువుతాను, వాళ్ళు వింటారు. మా చిన్నది ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కుంటోంది.

ఋషికుల్య (బరంపురం)

మాస్టారూ, అర్జంటు. ట్రంకు పెట్టె అడుగున ఎర్రగుడ్డలో తాటాకుల కట్ట ఒకటి దొరికింది. మధ్యలో చిల్లు, దారం ఉంది. మీద దుమ్ము, ఒకటి రెండు ఆకుల అంచులు పురుగు తిన్నాయి. అక్షరాలు తెలుగో ఒడియావో తెలియడం లేదు. తడిగుడ్డతో తుడవమంటారా?

గుణుపురం మాస్టారు

వద్దమ్మా, నీళ్ళు తగలనివ్వకండి. దారం విప్పకండి, ఆకుల వరుస తప్పుతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో పైపైన దుమ్ము దులిపి, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య వదులుగా కట్టి, పొడిగా ఉన్న అరలో పెట్టండి. ఎండలో పెట్టవద్దు. పురుగు ఉంది కాబట్టి మిగతా కాగితాలకు దూరంగా ఉంచండి. కట్టను కదపకుండా, కనిపించే పై ఆకు వరకు పగటి వెలుతురులో ఫొటో తీయండి, ఫ్లాష్ లేకుండా.

జాతకం కావచ్చు, వైద్యం కావచ్చు, పురాణం కావచ్చు. భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాటాకు ప్రతుల పెద్ద సేకరణ ఉంది. చదవగలిగినవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ అక్కడ తెలుస్తారు. ఇచ్చేయాలని కాదు, ముందు చూపించండి. పై ఆకు ఫొటో ఇక్కడ పెడితే లిపి ఏదో నేను చెప్తాను.

జయపురం పిన్ని

అమ్మాయ్, ముందు మీ అత్తగారికి చూపించు. ఆ ఎర్రగుడ్డ ఎవరు కట్టారో ఆవిడకు తెలిసే ఉంటుంది.